జార్జియా ఓకీఫ్: పువ్వుని అంత పెద్దగా ఎందుకు గీశారు?

ఈ రోజు ఒక పువ్వుతో మొదలుపెడదాం. ఉమ్మెత్త పువ్వు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రోడ్డు పక్కన, పాడుబడ్డ గోడల దగ్గర దానంతటదే మొలుస్తుంది. విషం, ముట్టుకోకు అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు. వినాయక చవితి పత్రిలో దాని ఆకు ఉంటుంది, శివుడికి పువ్వు పెడతారు. అంతకుమించి ఎవరూ ఆగి దాన్ని చూడరు.

ఆ జాతి పువ్వునే ఒక అమెరికన్ పెయింటర్ 1932లో నాలుగడుగుల ఎత్తు కాన్వాస్ నిండా గీశారు. ఒకే ఒక్క తెల్ల పువ్వు, దాని చుట్టూ ఆకులు, అంతే. 2014 నవంబర్‌లో న్యూయార్క్‌లో సదబీస్ వాళ్ళ వేలంలో ఆ బొమ్మ 4 కోట్ల 44 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. ఒక మహిళ వేసిన పెయింటింగ్‌కి వేలంలో అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా అంత ధర పలకలేదు. అంతకుముందున్న రికార్డ్ 1 కోటి 20 లక్షల డాలర్ల లోపే. అంటే ఒక్క దెబ్బకి మూడు రెట్లకి పైగా పెరిగిందన్నమాట.

ఆ పెయింటర్ పేరు జార్జియా ఓకీఫ్. డబ్బు సంగతి పక్కన పెడదాం, ఎందుకంటే అప్పటికి ఆవిడ చనిపోయి 28 ఏళ్ళు. ఆవిడ బతికుండగా చేసిన పోరాటం వేరే. నా బొమ్మలో ఏముందో చెప్పేది ఎవరు? గీసిన నేనా, చూసే మీరా, లేక పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పే మగవాళ్ళా? ఈ ప్రశ్న ఆవిడ్ని జీవితాంతం వదల్లేదు. ఆవిడ స్టైల్ అర్థం కావాలన్నా ఈ ప్రశ్న నుంచే వెళ్ళాలి.

ప్రైజ్ వచ్చాక బ్రష్ వదిలేశారు

ఓకీఫ్ 1887 నవంబర్ 15న విస్కాన్సిన్ రాష్ట్రంలో సన్ ప్రెయిరీ అనే ఊరి దగ్గర పుట్టారు. పాడి రైతుల కుటుంబం, ఏడుగురు పిల్లల్లో రెండో సంతానం. చిన్నప్పుడే ఆర్టిస్ట్ అవుతానని ఇంట్లో చెప్పేశారు. 1905లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు, 1907లో న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌కి వెళ్ళారు. అక్కడ 1908లో ఒక ప్రైజ్ కూడా వచ్చింది. రాగి గిన్నె పక్కన చచ్చిపోయిన కుందేలు, అదీ ఆ బొమ్మ. గురువుగారి పద్ధతిలో అచ్చు గుద్దినట్టు గీశారు.

మనమైతే ఏం చేస్తాం? ప్రైజ్ వచ్చింది కాబట్టి అదే రూట్‌లో వెళ్ళిపోతాం. ఆవిడకి మాత్రం అక్కడే అనుమానం మొదలైంది. ఇలా ఇంతకుముందే చాలామంది గీశారు, వాళ్ళకంటే బాగా నేనేం గీస్తాను అనిపించింది. దానికి తోడు ఇంట్లో పరిస్థితి బాగాలేదు. నాన్న వ్యాపారం దెబ్బతింది, అమ్మకి క్షయ. దాంతో చదువు ఆపేసి, షికాగో వెళ్ళి ప్రకటనల కోసం లేసులూ ఎంబ్రాయిడరీ డిజైన్లూ గీసే ఉద్యోగంలో చేరారు. సొంత పెయింటింగ్ దాదాపు నాలుగేళ్ళు ఆగిపోయింది.

మళ్ళీ మొదలైంది 1912లో. వర్జీనియా యూనివర్సిటీలో ఒక వేసవి క్లాస్‌కి వెళ్ళారు. అక్కడ ఆర్థర్ వెస్లీ డౌ అనే ఆయన ఆలోచనలు పరిచయమయ్యాయి. డౌ జపాన్ కళని బాగా చదివిన మనిషి. ఆయన చెప్పేది సింపుల్. బొమ్మ అంటే ముందున్న వస్తువుని కాపీ కొట్టడం అనుకోవద్దు. నీ దగ్గర ఒక ఖాళీ కాగితం ఉంది. గీత, వెలుగునీడలు, రంగు, ఈ మూడింటితో ఆ ఖాళీని అందంగా నింపు. ముగ్గు వేసేవాళ్ళకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. చుక్క ఎక్కడ పెట్టాలి, ఎంత జాగా వదలాలి అన్నదే అక్కడ లెక్క. ఓకీఫ్‌కి ఇది తలుపు తెరిచినట్టయింది.

గది నిండా బొమ్మలు పరిచి చూసుకున్న రోజు

1915లో ఆవిడ సౌత్ కరోలినాలోని ఒక చిన్న కాలేజీలో టీచర్. అప్పుడు ఒక పని చేశారు. అప్పటిదాకా వేసిన బొమ్మలన్నీ గదిలో పెట్టుకుని ఒక్కొక్కటే చూసుకున్నారు. ఇది ఫలానా టీచర్‌కి నచ్చాలని వేసింది, ఇది ఇంకో టీచర్‌ మెప్పు కోసం వేసింది. అన్నీ అలాగే ఉన్నాయి. నాది అని చెప్పుకోడానికి ఒక్కటీ లేదు.

అప్పుడు రంగులన్నీ పక్కన పెట్టేశారు. బొగ్గు, కాగితం, ఆ రెండే. లోపల తిరుగుతున్న ఆకారాల్ని గీయడం మొదలుపెట్టారు. సుళ్ళు తిరిగేవి, మొలకలా పైకి లేచేవి, నీళ్ళలా జారేవి. చూసి ఇది ఫలానా వస్తువు అని చెప్పలేం. ఇలాంటి వాటినే ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు అంటాం. 1915 నాటికి అమెరికాలో ఇంత ధైర్యంగా ఆ పని చేస్తున్నవాళ్ళు చాలా తక్కువ.

ఆ బొమ్మల్ని న్యూయార్క్‌లో ఉన్న తన ఫ్రెండ్ అనీటా పొలిట్జర్‌కి పంపించారు, ఎవరికీ చూపించొద్దు అని చెప్పి. ఆ అమ్మాయి 1916 జనవరి 1న నేరుగా ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ దగ్గరికి పట్టుకెళ్ళింది. స్టీగ్లిట్జ్ అంటే ఆ రోజుల్లో పెద్ద ఫోటోగ్రాఫర్, '291' అనే గ్యాలరీ నడిపేవారు. పికాసో, మతీస్ లాంటి వాళ్ళని అమెరికా వాళ్ళకి పరిచయం చేసింది ఆ గ్యాలరీయే. ఆయనకి ఈ బొమ్మలు విపరీతంగా నచ్చాయి. మే నెలలో వాటిలో పదింటిని గోడకెక్కించేశారు. గీసినావిడకి ఒక్క మాట కూడా చెప్పలేదు!

ఆ టైమ్‌కి ఓకీఫ్ న్యూయార్క్‌లోనే ఉన్నారు. విషయం తెలిసి గ్యాలరీకి వెళ్ళి, తీసెయ్యండి అని గొడవపడ్డారు. ఆయన మాటలతో ఒప్పించారు, బొమ్మలు గోడ మీదే ఉన్నాయి. వాళ్ళిద్దరి కథ మొత్తం ఈ ఒక్క సీన్‌లో ఉంది. ఆయన లేకపోతే ఆవిడ అంత త్వరగా బయటికి వచ్చేవారు కాదు. కానీ ఆవిడ్ని ప్రపంచానికి ఎలా చూపించాలో మాత్రం ఆయనే నిర్ణయించారు.

కెమెరా వేసిన ముద్ర

1918లో ఆవిడ టెక్సస్‌లో టీచర్ ఉద్యోగం వదిలేసి న్యూయార్క్ వచ్చేశారు. స్టీగ్లిట్జ్ ఆవిడ కంటే 23 ఏళ్ళు పెద్ద, అప్పటికే పెళ్ళయినవారు. విడాకుల తర్వాత 1924లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఆయన ఏళ్ళ తరబడి ఆవిడ ఫోటోలు తీశారు, మొత్తం 300కి పైగా. ముఖం, చేతులు, మెడ, కొన్ని నగ్నంగా. 1921లో వాటిలో కొన్నిటిని ఎగ్జిబిషన్‌లో పెట్టారు. న్యూయార్క్ అంతా అదే టాక్.

ఇప్పుడు ఆలోచించండి. జనం ఓకీఫ్ పెయింటింగ్స్ సరిగ్గా చూడకముందే ఓకీఫ్ శరీరాన్ని చూసేశారు. 1923లో ఆవిడ వంద బొమ్మలతో పెద్ద షో పెట్టినప్పుడు, విమర్శకులు ఆ ఫోటోల కళ్ళజోడు పెట్టుకునే వచ్చారు. అది ఫ్రాయిడ్ సిద్ధాంతాలు ఫ్యాషన్‌గా నడుస్తున్న కాలం. ఏ వంపు చూసినా స్త్రీ దేహం, ఏ రంగు చూసినా కోరిక, ఇలా రాసుకుంటూ పోయారు. ఆ రకం ప్రచారాన్ని స్టీగ్లిట్జ్ కూడా ప్రోత్సహించారు. నిజంగా మనసులోంచి గీసే ఆడమనిషి దొరికింది అన్నది ఆయన లైన్.

ఓకీఫ్‌కి ఇది చదివి ఒళ్ళు మండింది. ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మల్లో ఎవరికి తోచింది వాళ్ళు చదువుకుంటున్నారు కాబట్టి, అందరూ గుర్తుపట్టగలిగే వస్తువుల వైపు ఎక్కువగా తిరిగారు. పండ్లు, ఆకులు, పువ్వులు. పువ్వుని పువ్వు అనే అంటారు కదా అన్న ధీమా. అక్కడ కూడా వదల్లేదనుకోండి.

స్టైల్‌లో అసలు కిటుకు ఏంటి?

1924 నుంచి ఆవిడ పువ్వుల్ని పెద్దగా గీయడం మొదలుపెట్టారు. పెటూనియా, ఐరిస్, గసగసాల పువ్వు, తర్వాత ఉమ్మెత్త. ఎందుకంత పెద్దగా? ఆవిడ ఇచ్చిన వివరణ ఇది: పువ్వు చిన్నది, దాన్ని చూడ్డానికి ఎవరికీ టైమ్ లేదు. పెద్దగా గీస్తే, పరుగులు పెట్టే న్యూయార్క్ వాళ్ళు కూడా ఉలిక్కిపడి ఆగుతారు. చూడ్డానికి టైమ్ పడుతుంది, ఒక మనిషితో స్నేహం చేయడానికి పట్టినట్టే.

ఆవిడ బొమ్మ ముందు నిలబడితే నాలుగు విషయాలు కనిపిస్తాయి.

మొదటిది, కట్ చేయడం. ఫోన్‌లో ఫోటో క్రాప్ చేస్తాం కదా, అలా. పువ్వు అంచులు ఫ్రేమ్ దాటి బయటికి వెళ్ళిపోతాయి. కుండీ ఉండదు, బల్ల ఉండదు. పాల్ స్ట్రాండ్ లాంటి ఫోటోగ్రాఫర్లు అప్పట్లో తీస్తున్న క్లోజప్‌లని ఆవిడ దగ్గరగా చూశారు. ఆ చూపుని పెయింట్‌లోకి తెచ్చుకున్నారు.

రెండోది, సైజ్ తారుమారు. చిన్నది పెద్దదైపోతుంది, దూరంగా ఉన్నది దగ్గరికి వచ్చేస్తుంది. ఎముకలో ఉన్న కన్నంలోంచి ఆకాశం కనిపిస్తుంది. అది ఎముకా, గుహా, కిటికీయా అని ఒక్క క్షణం తికమక పడతాం.

మూడోది, బ్రష్ జాడ కనిపించకపోవడం. వాన్‌గో బొమ్మలో ప్రతి బ్రష్ దెబ్బా లెక్కపెట్టొచ్చు. ఓకీఫ్ దగ్గర అలా ఉండదు. పలుచగా, నున్నగా, ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ మారిందో తెలియకుండా వెళ్తుంది. రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసి మురికి అవకూడదని ఒక్కో రంగుకి ఒక్కో బ్రష్ వాడేవారు.

నాలుగోది, ఒకే విషయాన్ని పదేపదే గీయడం. ఒక పువ్వుని మొదట ఉన్నది ఉన్నట్టు గీస్తారు, తర్వాత బొమ్మలో ఒక్కో వివరం తీసేస్తూ వెళ్తారు, చివరికి ఒక ఆకారమే మిగులుతుంది. 1930లో వేసిన జాక్ ఇన్ ద పల్పిట్ పువ్వు సిరీస్ అలాంటిదే. అది ఒక అడవి పువ్వు. ఆ సిరీస్ వరసగా చూస్తే, గుర్తుపట్టగలిగే బొమ్మ నుంచి ఆబ్‌స్ట్రాక్ట్ దాకా ఒక మనిషి ఎలా నడుస్తుందో కళ్ళ ముందు కనిపిస్తుంది.

పువ్వుల దగ్గరే ఆగారనుకోకండి. 1925లో భర్తతో కలిసి షెల్టన్ హోటల్‌లో చాలా పై అంతస్తులో కాపురం పెట్టి, ఆకాశహర్మ్యాల్ని గీశారు. న్యూయార్క్‌ని మగవాళ్ళే సరిగ్గా గీయలేకపోతున్నారు, నీకెందుకు అని చుట్టూ ఉన్నవాళ్ళు అన్నారు. ఆవిడ గీశారు, తొలి సిటీ బొమ్మ షోలో పెట్టగానే అమ్ముడుపోయింది కూడా.

ఎడారిలో దొరికిన ఇల్లు

1929 వేసవిలో ఆవిడ ఒక ఫ్రెండ్‌తో కలిసి న్యూ మెక్సికో వెళ్ళారు. ఎర్ర కొండలు, మట్టి ఇళ్ళు, అడ్డం లేని ఆకాశం. అక్కడే కారు నడపడం నేర్చుకుని, ఒక ఫోర్డ్ కారు కొనుక్కున్నారు. ఆ కారే స్టూడియో. ముందు సీటుని వెనక్కి తిప్పేసి, వెనక సీటు మీద కాన్వాస్ ఆనించి, ఎండ తగలకుండా లోపల కూర్చుని గీసేవారు.

ఎడారిలో పువ్వులు పెద్దగా దొరకవు కదా. కరువుకి చచ్చిపోయిన పశువుల ఎముకలు దొరికాయి. వాటిని ఒక పీపా నిండా సర్ది ఈస్ట్‌కి పార్సిల్ చేశారు. ఎముక అంటే చావు అని మనం అనుకుంటాం. ఆవిడకి అవి ఆ నేలకున్న ప్రాణం లాగే కనిపించాయి. 1931లో ఆవు పుర్రెని ఎరుపు, తెలుపు, నీలం రంగుల మధ్య పెట్టి గీశారు. అవి అమెరికా జెండా రంగులు. ఆ రోజుల్లో న్యూయార్క్ మేధావులంతా గొప్ప అమెరికన్ నవల రావాలి, గొప్ప అమెరికన్ నాటకం రావాలి అని మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు, వాళ్ళలో చాలామంది పశువుల దేశాన్ని చూసిన పాపాన పోలేదు. ఇదిగో మీ అమెరికా అని వాళ్ళ మీద వేసిన చిన్న జోక్ ఆ బొమ్మ. ఇప్పుడది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఈ మధ్యలో అంతా సాఫీగా ఏమీ లేదు. భర్త జీవితంలోకి ఇంకొకావిడ వచ్చారు. 1932లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో గోడ బొమ్మ వేసే పెద్ద కాంట్రాక్ట్ చేతికొచ్చి చెడిపోయింది. 1933లో మానసికంగా కుంగిపోయి హాస్పిటల్‌లో చేరారు. ఏడాదికి పైగా బ్రష్ పట్టలేదు. తిరిగి లేచింది మాత్రం ఆ ఎడారి వల్లే. 1940లో ఘోస్ట్ రాంచ్ దగ్గర ఒక ఇల్లు కొన్నారు, 1945లో దగ్గర్లోని అబిక్యూ ఊళ్ళో పాడుబడ్డ మట్టి ఇల్లు ఇంకొకటి. దాని పెరట్లో గోడకి ఒక నల్ల తలుపు ఉంది. ఆ ఒక్క తలుపునే ఏళ్ళ తరబడి గీశారు. 1946లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆవిడ మొత్తం పనితో షో పెట్టింది. అక్కడ ఒక మహిళకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అదే ఏడాది స్టీగ్లిట్జ్ పోయారు. ఆయన వ్యవహారాలన్నీ చక్కబెట్టి, 1949లో ఆవిడ శాశ్వతంగా న్యూ మెక్సికో వెళ్ళిపోయారు.

బ్రాండ్ కొల్లాబ్ అప్పట్లోనూ ఉంది

ఇన్‌స్టాగ్రామ్ తరానికి ఈ ముక్క నచ్చుతుంది. 1939లో డోల్ పైనాపిల్ కంపెనీ ఆవిడ్ని తమ ఖర్చుతో హవాయి పంపింది, ప్రకటన కోసం రెండు బొమ్మలు గీసివ్వమని. ఆవిడ తొమ్మిది వారాలు ఉండి జలపాతాలు, పువ్వులు గీసుకొచ్చారు. రెండు బొమ్మలు ఇచ్చారు. రెండిట్లోనూ పైనాపిల్ లేదు! కంపెనీ వాళ్ళు విమానంలో ఒక పైనాపిల్ మొక్కనే ఇంటికి పంపించాల్సి వచ్చింది. అప్పుడు గీశారు, అది కూడా మొక్క మధ్యలో చిన్న మొగ్గని.

ఆవిడ వేషం కూడా అంతే పట్టుదలగా ఉండేది. ఎక్కువగా నలుపూ తెలుపూ, వదులుగా, నగలు లేకుండా. చాలా బట్టలు తనే కుట్టుకునేవారు. శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిచ్చిన ఇత్తడి బ్రోచ్ ఒకటి ఎప్పుడూ పెట్టుకునేవారు. జుట్టు తెల్లబడ్డాక ఇత్తడి రంగు నప్పడం లేదని, అదే డిజైన్‌ని ఇండియాలో వెండితో చేయించుకున్నారు. మన దేశంతో ఆవిడకున్న చిన్న ముడి అది. 1959లో ప్రపంచం చుట్టి వచ్చినప్పుడు ఇండియా కూడా ఆ దారిలో ఉంది.

విమానం కిటికీలోంచి చూసిన నదులు, మేఘాలు తర్వాతి బొమ్మల్లోకి వచ్చాయి. 1965లో, 77 ఏళ్ళ వయసులో, గ్యారేజ్‌లో 24 అడుగుల పొడవు కాన్వాస్ వేసుకుని మేఘాలు గీశారు. పైనుంచి చూస్తే తెల్లటి పలకలు పరిచినట్టుంటాయి. అది ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో, మెట్ల పైన ఉంటుంది.

చూపు పోయినా

1970ల మొదట్లో ఆవిడకి కంటి చూపు తగ్గింది. మాక్యులర్ డీజెనరేషన్, అంటే చూపు మధ్యభాగం మసకబారిపోయి అంచులు మాత్రమే కనిపిస్తాయి. ఎవరి సాయం లేకుండా వేసిన చివరి ఆయిల్ పెయింటింగ్ 1972లో. చూడటమే పనిగా బతికిన మనిషికి ఎంత కష్టం! కానీ మట్టి పట్టుకుని కుండలు చేయడం మొదలుపెట్టారు, సహాయకులతో రంగులు వేయించారు. 1976లో తన బొమ్మల గురించి తన మాటల్లోనే ఒక పుస్తకం తెచ్చారు. ఇన్నాళ్ళూ మీరు మాట్లాడారు, ఇప్పుడు నేను మాట్లాడతాను అన్నట్టు. 1986 మార్చి 6న శాంటా ఫేలో 98 ఏళ్ళ వయసులో పోయారు. పెడెర్నాల్ కొండని ఆవిడ లెక్కలేనన్ని సార్లు గీశారు, చితాభస్మాన్ని అక్కడే గాలిలో కలిపారు.

మరి ఎవరి మాట చెల్లుతుంది?

1970ల్లో స్త్రీవాద కళాకారిణులు ఆవిడ్ని తమ ముందు తరం నాయకురాలిగా చూశారు. ఆ పువ్వుల్లో స్త్రీ శరీరం ఉందనీ, అది గర్వపడాల్సిన విషయమనీ అన్నారు. విమర్శకుల మాటే, కాకపోతే ఈసారి ప్రేమతో. ఓకీఫ్ అదీ ఒప్పుకోలేదు. మహిళా ఆర్టిస్ట్ అనే పేరే వద్దన్నారు, ఆర్టిస్ట్ అంటే చాలు. అలాగని ఆడవాళ్ళ హక్కులు పట్టనివారేం కాదు. 1926లోనే నేషనల్ విమెన్స్ పార్టీ సభలో మాట్లాడిన మనిషి.

ఇందులో ఇంకో కోణం కూడా చెప్పాలి. న్యూ మెక్సికోలో ఆ ప్రాంతాన్ని టూరిజం వాళ్ళు 'ఓకీఫ్ కంట్రీ' అని పిలుస్తారు. ఆవిడ రాకముందు ఎన్నో తరాల నుంచి టేవా ప్రజలు అక్కడ ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఆ కొండకి వాళ్ళ భాషలో వేరే పేరుంది. తన బొమ్మ మీద వేరేవాళ్ళు పేరు రాస్తే భరించలేని మనిషి పేరునే, వేరేవాళ్ళ నేల మీద రాశారు. ఆవిడ అడిగిన ప్రశ్న ఇక్కడ ఆవిడ వైపే తిరుగుతుంది.

నాకు అర్థమైనంతలో, గీసినవాళ్ళు చెప్పిందే ఫైనల్ అని రూల్ ఏమీ లేదు. మీకు ఆ పువ్వులో ఇంకేదో కనిపిస్తే కనిపించనివ్వండి. ఆవిడ కోపం మీకు కనిపించినదాని మీద కాదు. చూడకుండానే చెప్పేయడం మీద.

మన చేతిలో ఉన్న ఫోన్‌తో ఇదే చిక్కు. జనం ఆగాలని నాలుగడుగులు గీసిన పువ్వుని మనం అరచేతిలో చూసి, అర సెకనులో పైకి తోసేస్తాం. కింద ఎవరో రాసిన లైన్ ముందే చదివేస్తాం. అందుకే ఈ వారం ఒక చిన్న పని పెట్టుకోండి. ఆవిడ వేసిన ఉమ్మెత్త పువ్వు బొమ్మని ఫుల్ స్క్రీన్‌లో పెట్టి, ఏమీ చదవకుండా ఒక్క నిమిషం చూడండి. మధ్యలో ఆకుపచ్చ ఎక్కడ తెలుపైందో వెతకండి. తర్వాత బయట ఎక్కడైనా నిజం ఉమ్మెత్త కనిపిస్తే, ముట్టుకోకుండానే, దాన్నీ ఒక నిమిషం చూడండి. మీకేం కనిపించిందో కామెంట్‌లో మీ మాటల్లో రాయండి.